ఎఫ్‌5జె గ్లైడర్ పోటీలో మోటారు ఎంత ఎత్తులో ఆపాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గరి పల్లె. ప్రస్తుతం డాలస్ శివారులో ఉంటున్నాను. రెండేళ్లుగా రేడియో కంట్రోల్ గ్లైడర్లు సరదాగా ఎగరేస్తూ, ఈ వేసవిలో తొలిసారి ఎఫ్‌5జె పోటీలో (ఎలక్ట్రిక్ మోటారుతో కొంత ఎత్తుకు ఎక్కి, మోటారు ఆపేసి వీలైనంతసేపు తేలే గ్లైడర్ల పోటీలో) దిగాను. ప్రారంభ ఎత్తు ఎంత తక్కువైతే అంత మంచిదని విని, ప్రతి రౌండులోనూ 50 మీటర్ల దగ్గరే మోటారు ఆపాను. రెండు రౌండ్లలో మూడు నిమిషాలకే నేల మీదికి వచ్చేశాను. మా గ్రూపులో గెలిచిన ఆయన మాత్రం 110 మీటర్ల దాకా వెళ్లి, పది నిమిషాలూ హాయిగా తిరిగి దిగారు. పైగా నేను 50 దగ్గర ఆపినా, ఎత్తు కొలిచే ఆల్టిమీటర్ 64 చూపించింది. పరికరంలో ఏదైనా దోషం ఉందా, లేక నా పద్ధతే తప్పా?

సమాధానం:

పరికరంలో దోషం లేదండీ. నిబంధనల్లో ప్రారంభ ఎత్తు అంటే మోటారు ఆపిన క్షణాన ఉన్న ఎత్తు కాదు. గ్లైడర్ చేయి విడిచింది మొదలు, మోటారు ఆగాక 10 సెకన్లు గడిచేదాకా అది అందుకున్న గరిష్ఠ ఎత్తు. ముక్కు నిటారుగా పెట్టి ఎక్కుతుండగా మోటారు ఆపితే, ఆ ఊపు గ్లైడర్‌ను ఇంకో పది పదిహేను మీటర్లు పైకి మోసుకుపోతుంది, అదంతా మీ ఖాతాలోనే పడుతుంది. నా మొదటి పోటీలో 80 అనుకున్నది 97గా నమోదైతే నేనూ పరికరాన్నే అనుమానించాను. మోటారు ఆపడానికి ఒకటి రెండు సెకన్ల ముందే ముక్కు దించి, గ్లైడర్‌ను సమతలానికి తెచ్చి, అప్పుడు ఆపండి. ఆ తర్వాత పది లెక్కపెట్టే వరకు నేరుగానే పోనివ్వండి. మధ్యలో థర్మల్ (పైకి లేచే వేడి గాలి) తగిలి రెక్క పైకి లేచిందని వెంటనే చుట్టడం మొదలుపెడితే, ఆ లాభం కూడా నష్టంగానే రాసుకుంటారు. పదో సెకను దాటాక ఎంత ఎక్కినా అడిగేవారు లేరు.

ఇక అసలు లెక్క. గాలిలో ఉన్న ప్రతి పూర్తి సెకనుకు ఒక పాయింటు; పని సమయం, అంటే ఎగరడానికి ఇచ్చే గడువు, 10 నిమిషాలు కాబట్టి గరిష్ఠంగా 600. మోటారును ఒకేసారి, 30 సెకన్లకు మించకుండా నడపాలి. ప్రారంభ ఎత్తులో 200 మీటర్ల వరకు మీటరుకు అర పాయింటు, ఆపైన ప్రతి మీటరుకు 3 పాయింట్లు కోత. దిగేటప్పుడు నేల మీద పెట్టిన లాండింగ్ గుర్తుకు ఒక మీటరు లోపల ముక్కు ఆగితే 50, రెండు మీటర్ల లోపల 45, అలా మీటరుకు ఐదేసి తగ్గుతూ పది మీటర్ల దగ్గర 5 మిగులుతాయి.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆకాశంలో పది మీటర్ల ఎత్తు, గాలిలో ఐదు సెకన్లు, నేల మీద ఒక మీటరు దూరం, మూడూ ఒకే ధర పలుకుతాయి. మీ గ్రూపు విజేత 598 సెకన్లు ఎగిరి, 45 లాండింగ్ పాయింట్లు తెచ్చుకుని, 110 మీటర్లకు 55 పోగొట్టుకున్నారనుకుందాం, మిగిలింది 588. మీరు 180 సెకన్లు ఎగిరి, 64 మీటర్లకు 32 పోగొట్టుకుని, లాండింగ్ తప్పితే 148. గ్రూపులో మొదటివారికి 1000 ఇచ్చి మిగిలినవారిని ఆ నిష్పత్తిలో కడతారు కాబట్టి మీకు దక్కేది దాదాపు 252 మాత్రమే. ఎత్తులో మీరు ఆదా చేసింది 23 పాయింట్లు, గాలిలో పోగొట్టుకున్నది 418. తక్కువ ఎత్తులో ఆపడం గాలి చదవడం వచ్చినవారి పందెం. అది వచ్చేదాకా 100, 120 దగ్గర ఆపడంలో చిన్నతనం ఏమీ లేదు.

ప్రశ్న అడిగినవారు:

చాలా కృతజ్ఞతలు. అయితే ఆ గాలి చదవడం ఎలాగో కూడా చెప్పగలరా? నా హెల్పర్‌గా వచ్చిన మిత్రుడు సమయం చదవడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాడు.

మరొకరి సమాధానం:

పై లెక్కతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గాలి గురించి మాత్రం నేను చెబుతాను. అనంతపురం వైపు ఎండాకాలం మధ్యాహ్నం దున్నిన చేలో సుడిగాలి లేవడం మీరు చూసే ఉంటారు. దుమ్ముతో కంటికి కనిపించే థర్మల్ అదే. వేడెక్కిన గాలి పైకి లేస్తుంటే, ఆ ఖాళీని నింపడానికి చుట్టుపక్కల గాలి నాలుగు వైపుల నుంచీ దాని వైపు పోతుంది. ఈ లాగుడు అసలు గాలితో కలిసి మీ ముఖానికి తగులుతుంది. అందుకే ఎదురుగాలి ఒక్కసారిగా సద్దుమణిగితే థర్మల్ మీ ఎదుట ఉందని, మీ వైపే వస్తోందని అర్థం చేసుకోవాలి. గాలి బలపడితే అది మిమ్మల్ని దాటి వెనక్కి వెళ్లిపోయినట్టు. గాలి కుడి నుంచి తిరిగితే ఎడమ వైపు వెతకాలి. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నాకు సన్నని రిబ్బను కట్టుకుంటే చర్మానికి అందని మార్పు కూడా కంటికి తెలుస్తుంది.

మీ మిత్రుడి అసలు పని ఇక్కడే మొదలవుతుంది. మీ కళ్లు మీ గ్లైడర్ మీద ఉంటాయి. ఆయన కళ్లు మిగిలిన ఆకాశమంతా చూడాలి. పని సమయం మొదలవడానికి ఐదు నిమిషాల ముందు నుంచే గాలి ఎప్పుడెప్పుడు పడిపోతోందో, ఎటు తిరుగుతోందో ఆయన గమనిస్తూ ఉండాలి. రెక్క ఆడించకుండా చుట్టు తిరుగుతున్న గద్ద గానీ రాబందు గానీ కనిపిస్తే, ఎవరి గ్లైడర్ తోక కొద్దిగా లేచి ముందుకు ఉరికితే, వెంటనే మీకు చెప్పాలి. ఇంకొకరు ముందే చుట్టుతున్న థర్మల్‌లోకి మీరు వెళితే వారు ఏ దిశలో తిరుగుతుంటే మీరూ ఆ దిశలోనే తిరగాలి. ఎదురుదిశలో తిరిగితే రెండు గ్లైడర్లూ ముక్కలవుతాయి.

ఇంకో జాగ్రత్త. థర్మల్ గాలివాటున కొట్టుకుపోతుంది, దానితోపాటు మీరూ పోతారు. అంత దూరం నుంచి ఎదురుగాలిలో తిరిగి రావడానికి ఎంత ఎత్తు కావాలో మనం ఎప్పుడూ తక్కువగానే అంచనా వేస్తాం. గాలి గట్టిగా ఉన్న రోజు గ్లైడర్‌లో బ్యాలస్ట్ (అదనపు బరువు) వేసుకోండి. తేలికగా ఉంటేనే ఎక్కువసేపు తేలుతుందన్న మాట నిజమే కానీ, కిలోన్నర కూడా లేని నాలుగు మీటర్ల రెక్క ఎదురుగాలిలో ముందుకు కదలకుండా నిలబడిపోవడం చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది.

లాండింగ్‌కు సాధన ఒక్కటే మార్గం. చివరి నిమిషం నుంచి మిత్రుడు సమయం పైకి చదవాలి. పని సమయం దాటి దిగితే లాండింగ్ పాయింట్లు పోతాయి, ఒక నిమిషం మించితే మొత్తం ఎగురుడుకే సున్నా. దిగుతున్న గ్లైడర్ మీకు గానీ మిత్రుడికి గానీ తగిలినా లాండింగ్ పాయింట్లు రావు.

ప్రశ్న అడిగినవారు:

ఈ ఆదివారం నుంచి 100 దగ్గర ఆపి, టేపు పరిచి దిగడం సాధన చేస్తాను. చివరగా ఒక్క సందేహం. దూరంగా, తక్కువ ఎత్తులో చిక్కుకుపోతే మోటారు మళ్లీ వేయవచ్చా?

సమాధానం:

వేయవచ్చు, కానీ ఆ ఎగురుడుకు సున్నా వస్తుంది. గుర్తుకు 75 మీటర్ల అవతల దిగినా సున్నాయే. అంటే మైదానానికి చేరలేనని రూఢి అయ్యాక మోటారు వేసినందువల్ల మీకు పోయేదేమీ లేదు. చెట్ల మీద పడకుండా గ్లైడర్ మిగులుతుంది. చేరగలనేమో అన్న ఆశ ఇంకా ఉంటే మాత్రం ఆ స్విచ్ జోలికి వెళ్లకండి.