నేర్చుకుంటూ మారే ఆయుధానికి చట్టపరమైన సమీక్ష ఎప్పుడెప్పుడు చేయాలి?

అందరికీ నమస్కారం. న్యాయశాస్త్రంలో నా ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషన్, యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో వచ్చిన మొదటి అదనపు ప్రోటోకాల్‌లోని ఆర్టికల్ 36 మీద. కొత్త ఆయుధాన్ని తయారుచేసినా, కొన్నా, దాని వాడకం అంతర్జాతీయ చట్టం ప్రకారం నిషిద్ధమా కాదా అన్నది ఆ దేశమే తేల్చుకోవాలని అది చెబుతుంది.

ఫిరంగి గుండు విషయంలో ఇబ్బంది లేదు. ఒకసారి పరీక్షిస్తే మర్నాడు దాని స్వభావం మారిపోదు. కానీ మనిషి ప్రమేయం లేకుండా లక్ష్యాన్ని ఎంచుకుని దాడి చేసే వ్యవస్థ, వాడకంలో కూడా నేర్చుకుంటూ పోతే? ఆయుధం పనితీరు మారేలా మార్పులు చేస్తే మళ్లీ సమీక్షించాలని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2006 గైడ్ అంటుంది. అలాంటప్పుడు ప్రతి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కూ సమీక్ష కావాలా, లేక లక్ష్యాన్ని గుర్తించే తీరు మారినప్పుడేనా? చేతులెత్తి లొంగిపోతున్న సైనికుణ్ణి, గాయపడి పడి ఉన్నవాణ్ణి అది గుర్తుపట్టగలదని ల్యాబ్‌లో ఎలా రుజువు చేస్తారు? నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఇదే. ఇక్కడ తప్పు జరిగితే పోయేది ప్రాణం.

ఇంకొకటి. భారత్ ఈ ప్రోటోకాల్‌లో చేరలేదు. అమెరికా కూడా చేరలేదు, అయినా 1970ల నుంచే సమీక్షలు చేస్తోంది. చేరని దేశాలకూ ఆచార చట్టంగా (అంటే దేశాలు తప్పనిసరి అనుకుని పాటిస్తూ రావడం వల్ల ఏర్పడ్డ నియమంగా) ఇది వర్తిస్తుందని వాదించడానికి గట్టి ఆధారం ఉందా? ఒప్పందాలను పాటించాలి, పాటించేలా చూడాలి అని చెప్పే జెనీవా ఒప్పందాల ఉమ్మడి ఆర్టికల్ 1 దీనికి సరిపోతుందని నాకనిపిస్తోంది, మా గైడ్‌గారు ఒప్పుకోవడం లేదు.

సైనిక న్యాయ విభాగంలో పనిచేసినవాళ్లు, ఈ సబ్జెక్ట్ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఏం చదవాలో సూచించినా చాలు.