ఈ వారం సమస్య: "సొంత రైలులోన చుట్టమయ్యె"

శృంగవరపుకోట మాస్టారు (సమస్య ఇచ్చినవారు):
ఆటవెలది నాలుగో పాదం ఇది. పాదం మొదటి అక్షరానికి కుదరాల్సిన యతి సొ–చు, మైత్రి సరిపోయింది. 'లోన' తర్వాత సరళాదేశం చేసి, అంటే 'చ'ని 'జ'గా మార్చి 'జుట్టమయ్యె' అనాలని ఎవరైనా అడగవచ్చు. అలా రాసినా యతి చెడదు కానీ చదివేవాళ్ళకి జుట్టు గుర్తొస్తుంది, అందుకే చుట్టాన్ని చుట్టంగానే ఉంచాను.

సందర్భం మీకు తెలిసిందే. విశాఖ–కిరండూల్ రైలు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైను అది. 2017లో అద్దాల పెట్టె తగిలించాక అరకు చూడ్డానికి వచ్చే జనం ఇంకా పెరిగారు. రానివ్వండి, నాకేం బాధ లేదు. కానీ ఈ మధ్య ఒక శుక్రవారం జనరల్ పెట్టెలో నేను చూసింది ఇంకా కడుపులో తిప్పుతూనే ఉంది. కిటికీ పక్క సీట్లో ఒక కెమెరా బ్యాగు, దాని ఎదురుగా కాళ్ళు చాపుకున్న కుర్రాడు, నడుమ నిలబడి చంటిపిల్లని ఎత్తుకున్న కొండ పిల్ల. "బాబూ, ఆ బ్యాగు పైన పెట్టుకోండి" అంటే "లెన్స్ ఉందంకుల్, పగిలిపోద్ది" అన్నాడు. పై మూడు పాదాలూ రాసి పూరించండి.

బొడ్డవర కుర్రాడు:

కొండ చీపురులను కోసి కట్టలు కట్టి
సంతకెళ్ళు తల్లి సందు లేక
తలుపు దగ్గరొదిగి తట్టపై కూర్చుండి
సొంత రైలులోన చుట్టమయ్యె

తాటిపూడి గట్టు:
మొదటి రెండు పాదాలు చాలా బాగున్నాయి తమ్ముడూ. 'చోటు లేక' అంటే యతి పోతుంది కాబట్టి 'సందు లేక' అన్నావు, అదే పద్యానికి ప్రాణం పోసింది. మూడో పాదం మాత్రం ఒప్పుకోను. తట్టమీద ఎవరు కూర్చుంటారు? అందులో ఉన్నది సంతలో అమ్ముకోవాల్సిన సరుకు, నలిగితే ఆ రోజు కూలి పోయినట్టే. మా అమ్మ చింతపండు గంపని చంటిబిడ్డలా పట్టుకునేది, ఎవరి చెప్పూ తగలనిచ్చేది కాదు.

బొడ్డవర కుర్రాడు:
నిజమే అక్కా, చూసి కూడా తప్పు రాశాను. "తలుపు దగ్గరొదిగి తట్ట యొడిని పెట్టి" అని మారుస్తున్నాను.

తాటిపూడి గట్టు:
ఇప్పుడు మనిషి కనబడుతోంది.

పాసు ప్యాసింజరు:
నేను టీచర్ని. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టె పెట్టెంతా కేకలు వేస్తారు, ఆ దారిలో సొరంగాలు 50కి పైనే. ఒకటో రెండో అయితే పిల్లల సరదా అనుకోవచ్చు, రోజూ వెళ్ళేవాళ్ళకి ప్రతిరోజూ అదే అంటే తల పగిలిపోతుంది. దానికితోడు ఫోన్లో పాటలు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమంటే "ట్రిప్‌కొచ్చాం మేడమ్, ఎంజాయ్ చెయ్యనివ్వండి" అంటారు.

సంచులన్ని పరచి సగము సీట్లను నింప
పాటలేమొ హోరు పెట్టినారు
పాసు కలిగి యున్న పంతులమ్మ నిలిచి
సొంత రైలులోన చుట్టమయ్యె

శృంగవరపుకోట మాస్టారు:
అమ్మా, రెండో పాదంలో యతి తప్పింది, 'పా'కి 'పె'తో కుదరదు. పైగా 'పాటలు హోరు పెట్టినారు' అన్వయం కూడా తేలడం లేదు. "పాటలేమొ చెవిని బాదుచుండ" అనండి, పా–బా సరిపోతుంది, కిందకి వాక్యం కూడా సాగుతుంది. 'పంతులమ్మ నిలిచి' దగ్గర మాత్రం మార్చడానికేమీ లేదు. సాయంత్రం దాకా మళ్ళీ తరగతిలో నిలబడాల్సిన మనిషి కదా.

యొకొహామా తెలుగువాడు:
ఇక్కడ జపాన్‌లో మాకు దగ్గర్లోనే కామకుర అనే ఊరు ఉంది. అక్కడి ఎనోదెన్ అనే చిన్న రైలు పొడవంతా కలిపి 10 కిలోమీటర్లు, ఒకే ట్రాక్. గోల్డెన్ వీక్ సెలవుల్లో స్టేషన్ బయటిదాకా క్యూ ఉంటుంది. అందుకని నగరపాలక సంస్థ ఆ లైను పక్కన ఉండేవాళ్ళకి ఒక పత్రం ఇచ్చి, అది చూపిస్తే క్యూలో నిలబడకుండా లోపలికి పంపే ఏర్పాటు చేసి చూసింది. మంచి పనే. కానీ తన ఊరి రైలెక్కడానికి తాను ఆ ఊరివాడినేనని కాగితం చూపించాల్సి రావడం నన్ను బాగా కదిలించింది.

ఊరి వాడె యనెడి యొక పత్రమును చూపి
వరుస దాటవలసి వచ్చె నకట
అచటె పుట్టి పెరిగి యలసిన ముసలయ్య
సొంత రైలులోన చుట్టమయ్యె

శృంగవరపుకోట మాస్టారు:
గణాలూ యతీ శుభ్రంగా ఉన్నాయి. సమస్యకి ఇంతకంటే సూటిగా అతికిన పూరణ ఇవాళ రాలేదు. మన ఖనిజం వెళ్ళిన దేశం నుంచే మన బాధ తిరిగొచ్చింది.

బొడ్డవర కుర్రాడు:
అలాంటి పత్రం మన లైను పక్కనుండే చిమిడిపల్లి వాళ్ళకి ఇచ్చినా లాభం లేదు సార్, మన దగ్గర లోపలికి వెళ్ళాకే కదా గొడవ. సంతరోజు ఒక్క పెట్టె సరుకుతో వచ్చేవాళ్ళకి వదిలితే చాలు.

తాటిపూడి గట్టు:
నాదీ ఒకటి. పోయిన కార్తీకంలో కళ్ళారా చూసింది, అందరూ ఒకేలా ఉండరు కాబట్టి రాయాలనిపించింది. 'అవ్వ' మూడో పాదం చివర ఉన్నా, నాలుగో పాదంతో కలిపి చదవండి.

తట్ట నెత్తి పెట్టి తన చోటు తానిచ్చి
పట్టణంపు పిల్ల పక్క నిలిచి
పండు చీల్చి పెట్టి పలకరించిన యవ్వ
సొంత రైలులోన చుట్టమయ్యె

పాసు ప్యాసింజరు:
చుట్టాన్ని నిజంగా చుట్టాన్ని చేశావు అక్కా! ఏం పండు?

తాటిపూడి గట్టు:
సీతాఫలం. గింజలు కిటికీలోంచి పారెయ్యకుండా ఆ పిల్ల కాగితంలో చుట్టుకుని, అరకులో దిగేదాకా చేతిలోనే పట్టుకుంది.