నక్క కరిచింది, నాన్న పసుపు చాలంటున్నాడు

ప్రశ్న: మాది అనంతపురం వైపు, చేను పక్కనే ఇల్లు. నిన్న బాగా తెల్లారాక ఒక నక్క బెరుకు లేకుండా పాకలోకొచ్చి గేదె దూడ మూతి కొరికింది. కట్టె పట్టుకుని ఉరికిన నాన్న పిక్కలోనూ పళ్లు దించింది, రక్తం కారింది. ఆయన పసుపు, సున్నం అద్ది గుడ్డ చుట్టేశాడు. "కరిచింది కుక్క కాదు కదరా, పది రోజులు చూద్దాం" అంటున్నాడు. నాకేమో రేబిస్ వస్తుందేమోనని టెన్షన్.

జవాబు: కరిచిన జంతువును పది రోజులు గమనించి చూడటమనేది కుక్కకు, పిల్లికే. పారిపోయిన నక్కను ఎక్కడ చూస్తారు? పగలే మనుషుల మీదికి వచ్చిందంటే దానికి రేబిస్ ఉందని అనుమానించాల్సిందే. గుడ్డ విప్పి, సబ్బు రాసి, నీటి ధార కింద 15 నిమిషాలు కడగండి. రక్తం వచ్చింది కాబట్టి వ్యాక్సిన్ ఒక్కటే చాలదు, గాయంలోనూ చుట్టూనూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల మందు) వేయాలి. అది చిన్న ఆసుపత్రుల్లో దొరక్కపోవచ్చు, నేరుగా జిల్లా ఆసుపత్రికి పోండి. ఈరోజే.

జవాబు: మా మామయ్యను ముంగిస కరిస్తే, బొడ్డు చుట్టూ 14 సూదులని భయపడి రెండు రోజులు దాక్కున్నాడు! ఇప్పుడు భుజానికే వేస్తారు. కండకైతే 0 (మొదటి సూది వేసిన రోజు), 3, 7, 14, 28 రోజుల్లో. చర్మంలోకైతే 14వ రోజుది ఉండదు. నొప్పి తగ్గిందని మధ్యలో మానేస్తాడేమో, మీ నాన్నను కనిపెట్టుకుని ఉండండి.

అడిగినవారు: వెళ్లొచ్చాం అన్నా. దారంతా తిట్టాడు. దూడకూ పశువుల డాక్టరు సూదులు మొదలుపెట్టారు. దాని నోట్లో చెయ్యి పెట్టొద్దని, చొంగ కారితే వెంటనే ఫోన్ చెయ్యమని చెప్పారు.