కార్బమజెపిన్ ఒకరికి పడుతుంది, ఇంకొకరికి చర్మం ఊడిపోతుంది, ఎందుకిలా?

శ్రావణమేఘం:
అక్కకి ముఖం ఒక పక్క కరెంట్ షాక్ కొట్టినట్టు నొప్పి. ట్రైజెమినల్ న్యూరాల్జియా అని చెప్పి కార్బమజెపిన్ రాశారు, కానీ మొదలుపెట్టే ముందు హెచ్‌ఎల్‌ఏ అనే జీన్ టెస్ట్ చేయించమన్నారు, చర్మం ఊడిపోయే రియాక్షన్ రావచ్చట. ఇదే మందు మా బంధువు ఒకాయన ఏళ్ల తరబడి ఫిట్స్‌కి వాడుతున్నారు, ఒంటి మీద ఒక్క దద్దురు లేదు, ఆయనకి ఏ టెస్టూ చేయలేదు. మనిషికీ మనిషికీ ఇంత తేడా ఏంటి? నెగెటివ్ వస్తే ఇక టెన్షన్ అక్కర్లేదా?

మందులచీటీ:
తప్పకుండా చేయించండి. ఆ రియాక్షన్‌ని స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అంటారు, ఒంట్లో 30 శాతం దాటి చర్మం ఊడితే దాన్నే టెన్ (టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్) అంటారు, అక్కడిదాకా వెళ్తే పదిమందిలో ముగ్గురి దాకా ప్రాణాలే పోతాయి. చాలా అరుదైన జబ్బే, కానీ ఎవరికి వస్తుందన్నది పూర్తిగా తలరాత కాదు. ఏది తనది ఏది పరాయిది అని శరీరం పోల్చుకునేది హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్ల ద్వారా. కొన్ని రకాల హెచ్‌ఎల్‌ఏకి ఈ మందు అతుక్కుంటే రోగనిరోధక కణాలు సొంత చర్మం మీదే దాడికి దిగుతాయి. 2004లో తైవాన్‌లో కార్బమజెపిన్ వల్ల ఈ జబ్బు వచ్చిన 44 మందిని చూస్తే 44 మందిలోనూ బి 15:02 అనే రకం ఉంది. ఇది హాన్ చైనీయుల్లో, థాయ్, మలేషియా ప్రజల్లో ఎక్కువ, భారత్‌లో కొన్ని సమూహాల్లోనూ ఉంది, జపాన్, యూరప్ వాళ్లలో మాత్రం బాగా అరుదు. అందుకే "ఆసియా వాళ్లకి రిస్క్" అని అందరినీ ఒకే గాటన కట్టడం నాకు అస్సలు నచ్చదు. పోనీ జపాన్, యూరప్ వాళ్లకి ఏమీ కాదా అంటే, ఎ 31:01 అనే ఇంకో రకం వల్ల వాళ్లకీ ఇదే మందుతో రియాక్షన్లు వస్తాయని 2011లో తేలింది.

పాజిటివ్ ఉన్న అందరికీ జబ్బు రాదు, ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం కదా, వేరే మందు ఉండగా ఈ సాహసం ఎందుకు? తైవాన్‌లోనే 4,877 మందికి ముందుగా టెస్ట్ చేసి, పాజిటివ్ వచ్చినవాళ్లకి ఈ మందు ఇవ్వకపోతే ఒక్కరికి కూడా ఆ జబ్బు రాలేదు.

గోరింట:
జీన్స్ ఒక్కటే కాదండీ, ఒంట్లో ఉన్న జబ్బులు కూడా లెక్కలోకి వస్తాయి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి సల్ఫా మందులతో రిస్క్ మామూలువాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కిడ్నీలు సరిగ్గా పనిచేయనివాళ్లకి గౌట్ మందు అలోప్యూరినాల్ మొదట్లోనే పెద్ద డోస్ ఇస్తే ప్రమాదం, దానికీ బి 58:01 అని ఒక జీన్ ఉంది. ఫిట్స్ మందు లామోట్రిజిన్ అయితే డోస్ గబగబా పెంచినా, వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందుతో కలిపి ఇస్తూ తగ్గించకపోయినా రిస్క్ పెరుగుతుంది. పిల్లల్లో ఇలాంటి జబ్బే, మందు వల్ల కాకుండా మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ వల్ల కూడా వస్తుంది. పెద్ద వయసువాళ్లు తట్టుకోవడం కష్టం.

మీ బంధువు సంగతి అంటారా, ఇది వచ్చేదుంటే సాధారణంగా మొదటి ఎనిమిది వారాల్లోనే వస్తుంది, ఆయన ఆ గండం ఎప్పుడో దాటేశారు.

నడిరేయి:
దయచేసి ఒంటి రంగు గురించి కూడా తెలుసుకోండి. మా తమ్ముడిది బాగా నలుపు. అందరూ "ఎర్రటి మచ్చలు" అంటారు, వాడికి ఎరుపే కనపడలేదు, ఛాతీ మీద చర్మం కంటే ముదురుగా ఊదారంగు మచ్చలు, చూసినాయన వేడి పొక్కులని పంపించేశారు. రాత్రికి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాడు, పెదాలు పగిలి రక్తం చెక్కు కట్టాయి, గుక్కెడు నీళ్లు మింగలేకపోయాడు, మూత్రానికి వెళ్తే మంట. ఇప్పటికీ కళ్లు పొడిబారి చుక్కల మందు వేసుకుంటూనే ఉన్నాడు. రంగు కోసం వెతకొద్దు. మచ్చ దగ్గర దురద కంటే నొప్పి ఎక్కువున్నా, జ్వరంతో పాటు నోట్లోనో కళ్లలోనో పుండ్లు, మంట మొదలైనా ఆ పూటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, వాడే మందుల చీటీ చేతిలో పెట్టుకుని వెళ్లండి.

శ్రావణమేఘం:
తమ్ముడి సంగతి చదివి చాలా బాధేసింది. టెస్ట్‌కి రక్తం ఇచ్చాం. ఒకవేళ పాజిటివ్ వస్తే ఫెనిటాయిన్ అనే ఇంకో ఫిట్స్ మందుకి మార్చమని అడగొచ్చా?

మందులచీటీ:
వద్దు, బి 15:02 ఉన్నవాళ్లకి ఫెనిటాయిన్, ఆక్స్‌కార్బజెపిన్ కూడా మంచివి కావు. ఈ కోవకి చెందని మందు ఏదైనా ఇవ్వగలరా అని డాక్టర్‌నే అడగండి. నెగెటివ్ వచ్చినా రిస్క్ సున్నా అవ్వదు, మొదటి రెండు నెలలు అక్క నోరు, కళ్లు, చర్మం గమనిస్తూ ఉండండి.