మంగలికత్తి నూరే సానరాయి: గుంట పడితే చదును చేయడం ఎలా?

కొత్తపదును: కింగ్ 1000 సానరాయి (అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) మీద నూరితే కత్తి రెండు చివరలూ బాగా తెగుతున్నాయి, నడుమ మాత్రం వెంట్రుక జారిపోతోంది. లోపం రాయిదా, కత్తిదా?

నీటిరాయి: ముందు రాయినే అనుమానించండి. స్టీల్ స్కేలును రాయి మీద అంచున నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. నిలువు, అడ్డం, రెండు ఐమూలలు. స్కేలు కింద వెలుగు గీత కనిపించిన చోట గుంట ఉన్నట్టే. వంటకత్తికైతే ఆ కాస్త గుంట సర్దుకుపోతుంది. మంగలికత్తికి వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనాలి, కోణం వెన్నే నిలబెడుతుంది. అందుకే నడుమ గుంట పడితే అంచు నడుమకు రాయి తగలదు.

10 మి.మీ. గాజుపలక మీద 220 వాటర్ పేపరు (గరుకు కాగితం) తడిపి అంటించండి. కింద తడిగుడ్డ వేస్తే పలక జరగదు. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, చేతిబరువు మోపకుండా రుద్దండి. పదిసార్లకోసారి రాయిని ముందువెనకలు తిప్పకపోతే ఒక చివరే అరుగుతుంది. గళ్లు ఒకసారి పోతే చాలదు. మళ్లీ గీయండి, నాలుగైదు రుద్దులకే అన్నీ ఒక్కసారిగా చెరిగితే చదునైనట్టు. తర్వాత 400 పేపరు మీద ఇలాగే.

వెన్నుగీత: రోజూ నూరేవాళ్లకు రాయి చదును చేయడానికి అటోమా 400 లాంటి వజ్రం ప్లేటే మేలు. కానీ 1000 కంటే గరుకు రాళ్లను దాని మీద రుద్దకండి. ఊడివచ్చే రేణువులు వజ్రాలను పట్టి ఉంచే నికెల్ పూతను తినేస్తాయి. వాటికి గాజు మీద సిలికాన్ కార్బైడ్ పొడి, నీళ్లు చాలు. 12000 రాయి ప్లేటుకు అతుక్కుపోతుంది, కుళాయి ధార కిందే రుద్దండి.

నీటిరాయి: చదునయ్యాక రాయి అంచులను 45 డిగ్రీల వాలులో 2 మి.మీ. కొట్టేయండి. పదునుగా వదిలేస్తే పెచ్చులూడతాయి, ఆ పెచ్చు కత్తి అంచుకు గండి పెడుతుంది. రాయిని మాత్రం పారే నీళ్లలోనే కడగండి. ఒక్క 220 రేణువు 8000 రాయి మీదికి చేరినా ఆ పూటకు పదును పోయినట్టే.

కొత్తపదును: నానబెట్టడం, ఆరబెట్టడం?

వెన్నుగీత: కింగ్ 1000ని బుడగలు ఆగేదాకా, పది నిమిషాలు. నానివా సూపర్ స్టోన్ 12000ని నానబెట్టొద్దు, పైన నీళ్లు చిలకరిస్తే చాలు. నానితే మెత్తబడి, ఆరేటప్పుడు బీటలిస్తుంది. ఏ రాయైనా నీడలో, పక్కకు నిలబెట్టి ఆరనివ్వాలి. ఎండా, ఫ్యాను గాలీ వద్దు.

నీటిరాయి: ఇక మీ మొదటి ప్రశ్న. చదునైన రాయి మీద కత్తి పెట్టేముందు అంచు వాలుకు నల్ల మార్కర్ పూసి ఐదారుసార్లు నూరండి. నడుమ సిరా పోతే లోపం రాయిదే. అప్పటికీ నడుమ నలుపు మిగిలితే, వంపు కత్తిలో ఉంది.