గడ్డి చామంతి పసరు గాయాలకు వాడినవాళ్లు మీ అనుభవం చెప్పండి

వానచినుకు:
పోయిన వారం కలుపు తీస్తుంటే కొడవలి మొన తగిలి వేలు తెగింది. పక్కనే ఉన్న అత్తయ్య గడ్డి చామంతి ఆకులు నాలుగు తెంపి, అరచేతిలో నలిపి పసరు పిండింది. కాసేపు చుర్రుమంది, తర్వాత రక్తం ఆగింది. నాలుగు రోజుల్లో పక్కు కట్టి మానింది. ఇది ఆకు గుణమా, చిన్న గాయం కాబట్టి దానంతటదే మానిందా? ఇంట్లో పిల్లలు రోజూ మోకాళ్లు దోక్కుపోయేలా పడుతుంటారు. వాళ్లకు వాడొచ్చా అన్నది నా అసలు సందేహం.

పిల్లకాలువ:
మేం గాయపాకు అంటాం. కొందరు నల్లాలం అంటారు, పలకాకు అని కూడా విన్నాను. ముప్పై ఏళ్లుగా గీతలకు, దోక్కుపోయిన చోట్లకు రాస్తున్నాను, నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. చుర్రుమనడం మామూలే. ఒక్క మాట: పూత మీదున్న మొక్క నుంచే ఆకు కోయండి, అప్పుడు పొరపాటు పడరు.

చిట్టడవి:
పూత మాట బాగా చెప్పారు. మా తమ్ముడు పూలు లేని మొక్కను చూసి ఇదే అనుకుని వయ్యారిభామ ఆకు చేతికి రుద్దుకున్నాడు. మర్నాటికి మోచేతి దాకా దద్దుర్లు, ఒకటే దురద. తగ్గడానికి మూడు వారాలు పట్టింది. చేతిలో మొక్క ఏదో తెలియకుండా మందు అనుకోవద్దు, దయచేసి.

ఆకుదొన్నె:
నేను వృక్షశాస్త్రం చదువుకున్నాను, గుర్తులు వివరంగా చెబుతాను. దీని శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టాడు. ప్రొకంబెన్స్ అంటే నేలబారుగా పాకేది. ఉష్ణమండల అమెరికాలో పుట్టి, వేడి దేశాలన్నిటికీ పాకింది. గింజ నెత్తిన మెత్తని కుచ్చు ఉంటుంది, చిన్న గాలికే ఎగిరిపోతుంది. అమెరికా ప్రభుత్వం దీన్ని హానికరమైన కలుపుల జాబితాలో పెట్టింది.

ఆకులు కణుపు కణుపుకీ ఎదురెదురుగా జంటగా వస్తాయి. అంచులు రంపపు పళ్లలా ఉంటాయి, తాకితే గరుకు నూగు తెలుస్తుంది. అసలైన గుర్తు పువ్వు. ఆకుల్లేని పొడవాటి కాడ, దాని చివర ఒకే ఒక్క పువ్వు. మధ్యలో పసుపు, చుట్టూ పాలిపోయిన తెల్ల రేకులు, సాధారణంగా ఐదు. ప్రతి రేకు కొసనా మూడు చిన్న పళ్లుంటాయి, దగ్గర పెట్టుకుని చూడండి.

వయ్యారిభామ నిటారుగా పెరుగుతుంది. దాని ఆకు క్యారెట్ ఆకులా లోతుగా చీలి ఉంటుంది, చిన్న చిన్న తెల్లపూలు గుంపులుగా పూస్తాయి. గుంటగలగరతో కూడా చాలామంది పొరబడతారు. దాని ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుంది, పూకాడ పొట్టి, ఆకు నలిపితే పసరు కాసేపటికి నల్లబడుతుంది.

తేనెపట్టు:
అందుకేనేమో తలనూనెకని తెచ్చే భృంగరాజ్‌లో, అంటే గుంటగలగరలో, గడ్డి చామంతి కూడా కలుస్తుందంటారు. నేను ఏడాది పాటు గడ్డి చామంతి నూనె రాశాను. జుట్టు రాలడంలో ఏ తేడా లేదు.

రాత్రిషిఫ్ట్:
గాయాలకు కట్లు కట్టే నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. వానచినుకు గారూ, మీ అత్తయ్య మీద గౌరవంతోనే ఇది రాస్తున్నాను. పసరు పిండే ముందు గాయం కడిగారా? రక్తం ఆపడానికి శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఆ తర్వాత సబ్బుతో, పారే నీటితో కడగాలి. చిన్న గాయానికి చాలావరకు ఇవి చాలు.

ధనుర్వాతం కలిగించే సూక్ష్మక్రిమి బీజాలు మట్టిలోనే ఉంటాయి. నేలకు అంటుకుని పెరిగే ఆకు మీద మట్టి లేదని ఎలా అనుకుంటాం? గాలి తగలని లోతైన గాయంలో ఆ క్రిమి పెరుగుతుంది. మేకు గుచ్చుకున్న పాదంలో నలిపిన ఆకు కుక్కుకుని వచ్చినవాళ్లను చూశాను. ఒకాయనకు షుగర్ కూడా ఉంది. లోపలి చీము తీసి ఆ పాదం నిలబెట్టడానికి రెండు నెలలు పట్టింది. మట్టి గాయమైతే, చివరి టీకా వేసి ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. గుచ్చుకున్న గాయం, కాలిన గాయం, జంతువు కాటు, షుగర్ ఉన్నవాళ్ల పాదం: వీటికి ఏ ఆకూ వద్దు.

ఆకుదొన్నె:
నర్సు గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అలాగని ఆకులో ఏమీ లేదని తీసిపారేయలేం. ఎలుకల మీద జరిగిన పరీక్షల్లో ఈ ఆకు గాయం మానడానికి సాయపడింది. స్టెరాయిడ్ మందు ఇస్తే గాయం మానడం నెమ్మదిస్తుంది కదా, ఆ అడ్డును కూడా కొంత తగ్గించింది. కానీ అవి శుభ్రమైన ప్రయోగశాలలో చేసిన పరీక్షలు. మనం దారి పక్కన కోసి నలిపే ఆకుకు ఆ ఫలితం అలాగే అంటగట్టడం సరికాదు.

పొద్దుతిరుగుడు:
దీని కషాయం తాగితే బీపీ, షుగర్ తగ్గుతాయని ఒక మెసేజ్ తిరుగుతోంది. నాన్నగారు మాత్రలు ఆపేసి అది తాగుతానంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

రాత్రిషిఫ్ట్:
మాత్రలు ఆపనివ్వకండి అమ్మా. రక్తపోటు తగ్గిందన్నది కూడా ఎలుకల మీద చూసిందే. మనిషికి ఎంత మోతాదు, ఎన్నాళ్లు అన్నది ఇంకా తేలలేదు. మాత్రలతో పాటు తాగినా బీపీ, షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ మెసేజ్ చూపించి, డాక్టర్‌నే అడగమనండి నాన్నగారిని.

వానచినుకు:
అందరికీ కృతజ్ఞతలు. నర్సు గారూ, ఆరోజు కడగలేదండి, నిజం. నిన్న బాబు మోకాలు దోక్కుపోయింది. కుళాయి కింద సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టాను. ఆకు పెట్టలేదు. టీకా కార్డు తీసి చూస్తే వాడివన్నీ సరిగ్గా ఉన్నాయి, నాదే పదేళ్లు దాటింది. రేపు వెళ్తున్నాను. అత్తయ్యకు ఈ చర్చంతా చదివి వినిపించాను. ఒక మొక్కను కుండీలో పెంచుదాం, ఆకు కడిగి వాడుకుందాం అంటోంది, తన గీతలకు మాత్రమే అని మాటిచ్చింది. కుండీలో పెడితే పెరడంతా పాకుతుందా?

ఆకుదొన్నె:
పాకుతుంది. పువ్వు వాడి కుచ్చు విప్పుకోకముందే కాడ తుంచేయండి. కొమ్మ నేలను తాకిన చోట కణుపు దగ్గర వేళ్లు వేస్తుంది, అదీ చూసుకోండి.