కిట్టంతా అమ్మేసి ఒకే లెన్సు కెమెరాకి మారడం: తెలివా, మోజా?

గట్టుమీద_నీడ (రాజోలు వైపు)

అందరికీ నమస్కారమండి. నా దగ్గర నికాన్ డి750, దానితో 24-70, 70-200 మి.మీ. ఎఫ్2.8 జూమ్‌లు ఉన్నాయి (మి.మీ. తక్కువైతే వెడల్పుగా, ఎక్కువైతే దూరంవి దగ్గరగా పడతాయి; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువొస్తుంది). బ్యాగులో సర్దితే మూడు కిలోల పైనే. అన్నీ వచ్చిన రేటుకి అమ్మేసి ఫ్యూజీ ఎక్స్100 సిక్స్ ఒక్కటి తీసుకుందామని ఆలోచన. తెలియనివాళ్ల కోసం: అది 2024లో వచ్చింది, 40 మెగాపిక్సెళ్లు, అర కిలో బరువు. లెన్సు ఊడదు, మారదు. 23 మి.మీ. ఎఫ్2, అంటే ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము సైజు సెన్సరు) లెక్కలో 35.

నేను డబ్బులకి తీయను. రేవులో పంటు (జనాన్నీ, బళ్లనీ గోదారి దాటించేది) ఎక్కేవాళ్లు, కొబ్బరి దింపులు, లంకల్లో జనం, తీర్థాలు, ఇవే నా ఫొటోలు. ఈ మధ్య బ్యాగు చూస్తేనే నీరసమొచ్చి ఇంట్లో వదిలేసి పోతున్నాను. ఆ కెమెరా బాగుంటుందా అని అడగట్లేదు, బాగుంటుందని తెలుసు. మార్చడానికి వీల్లేని లెన్సు మీద లక్షన్నర పైచిలుకు పెట్టడం, అదీ మన ఉప్పుగాలిలో, సబబేనా? రెండూ ఉంచుకునే స్తోమత లేదు కాబట్టి ఆ సలహా మాత్రం ఇవ్వకండి.

రావులపాలెం_స్టూడియో

ఆయ్, మోజేనండి. మొహమాటం లేకుండా చెప్తున్నాను.

మీ 24-70లో 35 లేదా? ఆ రింగుని 35 దగ్గర టేపేసి బిగించండి. మీరడిగే సింపుల్ కెమెరా పైసా ఖర్చు లేకుండా వచ్చేస్తుంది. బరువే బాధైతే 35 ఎఫ్1.8 సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి పట్టుకుని జూమ్‌లు బీరువాలో పడేయండి. మీది ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు, ఎక్స్100ది అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ. ఎఫ్2 అని పేరుకి రాసి ఉన్నా, వెనక మసక మాత్రం మీ డి750లో ఎఫ్3 దగ్గర వచ్చినంతే వస్తుంది. ఉన్నదానికంటే చిన్నది కొనడానికి ఎదురు డబ్బులివ్వడం ఏం లెక్కో నాకు అర్థం కాలేదు.

ఇంకోటి. మీ కిట్టుకి రేటు రాదు. డి750 2014 నాటి బాడీ. డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరా) అనగానే బేరం సగం నుంచి మొదలెడుతున్నారు.

లేసు_కుట్టు (నర్సాపురం)

స్టూడియో గారూ, టేపేసినా అది 24-70యే కదండీ! సైజు తగ్గదు.

నేను లేసు అల్లే ఆడవాళ్లని తీస్తాను. మధ్యాహ్నం వంటలయ్యాక అరుగు మీద నలుగురు కూర్చుంటారు. పెద్ద కెమెరా పైకెత్తగానే ఒకావిడ పమిట సర్దుకుంటుంది, ఒకావిడ లోపలికెళ్లి పౌడరు రాసుకొస్తుంది, ఇంకొకావిడ "ఏ టీవీ అమ్మా?" అంటుంది. చేతులు ఆగిపోతాయి. నాకు కావలసిందే ఆ చేతులు. జేబులో పట్టే నా చిన్న కెమెరా రికో జీఆర్ త్రీఎక్స్ (దీనికీ లెన్సు మారదు) తీసినప్పుడు మాత్రం ఓసారి చూసి మళ్లీ కబుర్లలో పడతారు. బ్యాటరీతో కలిపి పావు కిలో పైన కాస్తంత. నాది 40 మి.మీ. లెక్క. వెనక మసక ఎంతొచ్చిందో వాళ్లలో ఒక్కరూ అడగలేదు లెండి.

అయితే దాని జబ్బులూ చెప్తాను. వ్యూఫైండర్ లేదు, కాబట్టి ఎండలో స్క్రీను కనపడక గుడ్డిగా నొక్కుతాం. వానకి రక్షణ లేదు. లెన్సు విప్పం కాబట్టి సెన్సరు మీద దుమ్ము పడదనుకుంటారు అందరూ. జీఆర్ లెన్సు ఆన్ చేసినప్పుడల్లా బయటికొచ్చి లోపలికెళ్తుంది, ఆ రాకపోకల్లో దుమ్ము పీల్చుకుంటుంది. అప్పుడు మనం తుడుచుకోవడానికి కూడా ఉండదు, సర్వీసుకే పంపాలి. ఎక్స్100లో లెన్సు కదలిక లోపలే కాబట్టి ఆ గొడవ తక్కువ.

సెల్_చాలు

ఫోనులో ఉన్నదీ మారని లెన్సే కదా. మెయిన్ కెమెరా 24, 26 దగ్గరుంటుంది. అదివరకే జేబులో ఉన్నదానికి లక్షన్నర దేనికి?

లేసు_కుట్టు

పగలు ఎండలో ఫోను చాలు, ఒప్పుకుంటాను. దీపాలు పెట్టే వేళ పంటు మీద, వెనక ఆకాశం ఇంకా తెల్లగా ఉండి మనిషి మొహం చీకట్లో ఉన్నప్పుడు తీసి చూడండి. ఫోను తనకు తోచినట్టు మొహం తెల్లబరిచి పెడుతుంది. ఏపీఎస్-సీ సెన్సరు ఫోను సెన్సరుకి ఎన్నో రెట్లు పెద్దది, ఆ నీడల్లో తేడా అక్కడ తెలుస్తుంది.

కొరంగి_కొంగ (కాకినాడ)

నాకు 500 మి.మీ. కూడా చాలదు, కాబట్టి నేనీ పంచాయితీలో పార్టీని కాను. కొరంగిలో చెక్క వంతెన మీద మడచెట్ల వేర్లు తీయాలంటే 35 హాయిగా ఉంటుంది. ఏటి అవతల ఒడ్డున కొంగలున్నాయంటే ఆ కెమెరా మెడలో గొలుసే.

ఒక్కటి మాత్రం చెప్పాలి. "40 మెగాపిక్సెళ్లున్నాయి, క్రాప్ చేసుకుంటే (అంచులు కోసేస్తే) పోలా" అంటారు. లెక్క వేసుకోండి. 35ని 50కి క్రాప్ చేస్తే సగం పోయి 20 మిగులుతాయి. 70కి చేస్తే 10. అక్కడిదాకా సరే, 12×18 ప్రింటుకి సరిపోతుంది. 200కి చేస్తే? ఒకటింబావు మెగాపిక్సెలు. క్రాప్ అనేది 24-70కి సమాధానమేమో గానీ 70-200కి కాదు. నీడ గారూ, పాత ఫొటోల ఎగ్జిఫ్ డేటా (ఫొటోతో పాటు కెమెరా రాసిపెట్టే వివరాలు) తీసి ఏ ఫోకల్ లెంగ్త్‌లో (అదే, ఆ మి.మీ. అంకె) ఎక్కువ తీశారో చూడండి. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే లెన్సు వారీగా, ఫోకల్ లెంగ్త్ వారీగా విడగొట్టి చూపిస్తుంది. అది చూడకుండా ఎవరెన్ని చెప్పినా గాల్లో కబుర్లే.

పాత_రీలు (పాలకొల్లు)

ఇదేదో కొత్త ఫ్యాషన్ అన్నట్టు మాట్లాడుతున్నారు గానీ బాబూ, యాషికా మ్యాట్ 124జీకి లెన్సు మారేదా? 80 మి.మీ. ఎఫ్3.5, అంతే. అలాంటి కెమెరాలతోనే పెళ్లిళ్లూ, గ్రూపు ఫొటోలూ, పాస్‌పోర్టులూ తీశాం. అప్పుడెవరూ "ఫిక్స్‌డ్ లెన్సు ప్రయాణం" అని వ్యాసాలు రాసుకోలేదు.

నాకు భయం వేరే. బూజు. మన డెల్టాలో గాలి తేమ 70 శాతం దాటని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. చీకటి, తేమ, గాలాడని బ్యాగు, ఈ మూడూ కలిస్తే గాజు మీద సాలెగూడులా అల్లుకుంటుంది. తొందరగా కనిపెడితే తుడవొచ్చు. ఆలస్యమైతే కోటింగు తినేస్తుంది. మార్చుకునే లెన్సుల్లో ఒకదానికి పడితే అది పక్కన పెట్టి ఇంకోటి తగిలిస్తాం. దీంట్లో లెన్సు పోయిందంటే కెమెరా పోయినట్టే. షట్టరు కూడా ఆ లెన్సులోనే ఉంటుంది, కాబట్టి ఊళ్లో రిపేరు అబ్బాయి విప్పి తుడిచే పని కాదు. హైదరాబాద్ పంపాలి, వాళ్లు చెప్పిన రేటు వినాలి.

కొంటే మాత్రం గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, నాలుగొందల్లో దొరికే తేమ మీటరు తెచ్చుకోండి. ముల్లు 40కీ 50కీ మధ్య ఉంచండి. మరీ దిగితే రబ్బరూ, గ్రీజూ ఎండిపోతాయి. ముచ్చటపడి లెదర్ కేసు కొంటారు చూడండి ఇలాంటి కెమెరాలకి, అది తొడిగి బీరువాలో పెట్టకండి, బూజుకి అంతకంటే మంచి ఇల్లు లేదు. వాన అంటారా, ఎక్స్100 సిక్స్‌కి ముందు అడాప్టరు రింగూ, ఫిల్టరూ బిగిస్తేనే కంపెనీ తడికి తట్టుకుంటుందంటోంది. ఆ రెండూ విడిగా కొనాలి.

ఇక దాని పక్షాన ఒక మాట. మిట్టమధ్యాహ్నం కొబ్బరి తోటలో దింపు తీస్తారు కదా. ఆకుల సందుల్లోంచి మొహం మీద ఎండ చారలు, కళ్ల కింద నల్లటి నీడ. ఫ్లాష్ కొంచెం వేయాలి. మీ డి750లో ఫ్లాష్ సింకు (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే షట్టరు వేగం) మామూలుగా 1/200 దగ్గర ఆగుతుంది, ఆ ఎండలో అపర్చరు మూసుకోక తప్పదు. లెన్సులో ఉండే లీఫ్ షట్టరుకి ఆ ఇబ్బంది లేదు, సెకనులో వెయ్యో వంతుకీ ఫ్లాష్ అందుకుంటుంది. పైగా వెలుగు తగ్గించే నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు లోపలే ఉంది, చిన్న ఫ్లాషూ ఉంది. కోనసీమ తోటల్లో తీసేవాడికి మసక కంటే ఇది పనికొచ్చే గుణం. దీని గురించి ఒక్కడూ మాట్లాడడు.

రావులపాలెం_స్టూడియో

మాస్టారు చెప్పిన బూజు ఒక్కటి చాలు, నా వాదన గెలిచినట్టే.

యానాం_రేవు

గెలవలేదు. నా లైకా క్యూ2 (ఇదీ మారని లెన్సే, 28 మి.మీ.) ఇక్కడి గాలిలోనే ఉంది, బూజు లేదు. కారణం, అది డబ్బాలో ఉండదు, రోజూ నా మెడలో ఉంటుంది. (రేటు గురించి ఎవరూ మొదలెట్టకండి, అమ్మానాన్నలు అన్నీ అనేశారు.) బూజు పట్టేది ఇంట్లో వదిలేసిన కెమెరాకి. నీడ గారి బ్యాగు ఇప్పుడెక్కడుందో ఆయనే చెప్పారు కదా.

రేటు రాదన్న మాటకి కూడా జవాబుంది. సోషల్ మీడియా పుణ్యమా అని 2020 నాటి ఎక్స్100వీ దొరకక, వాడినవి కొత్తదాని కంటే ఎక్కువకి అమ్ముడయ్యాయి. ఆ వరస కెమెరాలకి విలువ నిలబడింది.

రావులపాలెం_స్టూడియో

ఆ మోజు తగ్గాక? సరే, డబ్బు వదిలేద్దాం. ప్రభల తీర్థానికి రండి. కనుమ రోజు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల ప్రభలు (రంగు బట్టలతో అలంకరించి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన కట్టడాలు) వస్తాయి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటించడం చూడ్డానికే సగం జనం వస్తారు. నేను గట్టు మీద నిలబడి 70-200తో మోసేవాళ్ల మొహాలు, బిగిసిన మెడ నరాలు పట్టుకుంటాను. 35 పెట్టుకున్నవాడికి ఏం వస్తుంది? ముందు నిలబడ్డ ఫోన్లెత్తిన చేతులు!

యానాం_రేవు

గట్టు మీంచి తీస్తే అదే వస్తుంది. గట్టు దిగాలి.

నేను 28తో నీళ్లలో దిగి తీశాను. పైన ప్రభ మొత్తం, దాని రంగు బట్టలు, కింద భుజాలు, గట్ల మీద జనం, అన్నీ ఒకే ఫ్రేములో. మీ మెడ నరాల ఫొటో బాగుంటుంది, కాదనను. కానీ అది కౌశికలో తీశారో జిమ్ములో తీశారో క్యాప్షన్ చదివితే గానీ తెలియదు. 2023 రిపబ్లిక్ డేకి మన శకటంగా ఢిల్లీ వెళ్లింది ఆ ప్రభ. అలాంటిదాన్ని ముక్కలు కోసి చూపించడమెందుకు? క్యూ2కి ఐపీ52 రక్షణ ఉంది, చినుకులకి సరిపోతుంది. కాలు జారితే మాత్రం దేవుడే దిక్కు.

లేసు_కుట్టు

జిమ్ము 😄

కానీ యానాం గారూ, మీరు మగవాళ్లు, ఆ తోపులాటలో నీళ్లలోకి దిగిపోతారు. నాలాంటివాళ్లకి గట్టే గతి. అక్కడ నాకు నా 40 చాలలేదు, స్టూడియో గారి మాటే నిజమైంది. దగ్గరికెళ్తే సరిపోతుందనేది అందరికీ కుదిరే సలహా కాదు.

గట్టుమీద_నీడ

కొంగ గారు చెప్పినట్టు ఎగ్జిఫ్ చూశానండి. 70-200 వాడకం చాలా తక్కువ, అదీ తీర్థాల్లోనే. దాన్ని అమ్మడానికి బాధ లేదు. చిక్కల్లా 24-70తో వచ్చింది. ఫొటోలన్నీ రెండు చివర్లలో గుట్టపడ్డాయి, 24 దగ్గర ఎక్కువ, తర్వాత 70 దగ్గర. మధ్యలో 35 చుట్టుపక్కల అస్సలు లేనట్టే. ఇప్పుడేమంటారు?

రావులపాలెం_స్టూడియో

35 మీది కాదు. కేసు కొట్టేశారు.

కొరంగి_కొంగ

అంత తేలిగ్గా కొట్టేయలేం. జూమ్ చేతిలో ఉన్న ప్రతివాడి ఎగ్జిఫ్ ఇలాగే ఉంటుంది. రింగు అటు చివరికో ఇటు చివరికో తిప్పేస్తాం, మధ్యలో ఆపం. అయినా 24 గుట్ట పెద్దదంటే మాత్రం పట్టించుకోవాలి.

పాత_రీలు

24 ఎక్కువన్నావు కాబట్టి అడుగుతున్నాను, వాటిలో ఇరుకుగా ఉండి తప్పక తీసినవెన్ని, కావాలని వెడల్పుగా తీసినవెన్ని? పంటు మీదవి తీసి చూడు. వెనక్కి జరగడానికి చోటుండి కూడా 24 పెట్టావంటే నీది వెడల్పు కన్ను. అప్పుడు 35 కాదు, 28 చూడు. రికో జీఆర్ త్రీ 28, ఫ్యూజీ రేటులో కొంత మిగులుతుంది కూడా. ఫ్లాష్ ఉండదు, వ్యూఫైండర్ ఉండదు, దుమ్ము సంగతి ఆ అమ్మాయి చెప్పింది.

గట్టుమీద_నీడ

చూశాను మాస్టారూ. పంటు మీదవి చాలావరకు కావాలనే వెడల్పుగా తీశాను. రేవు, మోటారు సైకిళ్లు, గోదారి అన్నీ పడాలని. దింపుల్లో మాత్రం 70 ఎక్కువ, చెట్టు మీద మనిషి ఉంటాడు కాబట్టి. ఆ చెట్టెక్కి నేను దగ్గరికెళ్లలేను కదండీ!

అయినా బ్యాగు మోయడం మాత్రం నా వల్ల కాదు. జూమ్‌లు రెండూ అమ్మకానికి పెట్టేస్తున్నాను, అది ఖాయం. ఆ డబ్బుతో 28యా 35యా అన్నది కొన్నాళ్లు డి750కి ఒక చిన్న 28 ఎఫ్1.8 తగిలించి తేల్చుకుంటాను. అది నచ్చితే బాడీ కూడా పోతుంది. స్టూడియో గారి మాట సగమే విన్నట్టు.

యానాం_రేవు

ఆదివారం సఖినేటిపల్లి రేవుకి రండి, క్యూ2 ఓ గంట మీ మెడలో వేస్తాను.

లేసు_కుట్టు

వద్దండీ నీడ గారూ, వెళ్లకండి. తర్వాత ఏ ఫ్యూజీ చూసినా ఆనదు. కావాలంటే నా రికో ఇస్తాను, చవగ్గా బయటపడతారు.

రావులపాలెం_స్టూడియో

24-70 ఎంతకిస్తారు? సీజను ముందు నాకో బ్యాకప్ కావాలి. వెనక నుంచి టార్చి కొట్టి, ముందు గాజు కనపడేలా ఫొటో పెట్టండి. మాస్టారు బూజని చెప్పినప్పట్నుంచీ అనుమానంగా ఉంది.